శ్రీ గిడుగు రామమూర్తి పంతులుగారు : వాదమునందలి ధర్మము

మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక మహాపురుషుని జీవితమును గూర్చి వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. ఎవరిని గూర్చి వ్రాయుదుమా యని కొంతకాల మాలోచించితిమి. దాతలను గూర్చియు, వీరులను గూర్చియు, భక్తులను గూర్చియు ఇట్టి సంచికలలో అనేకులు వ్రాసియున్నారు. ఈ యేడు మేము ఉపాధ్యాయులలో నొకరిని, వంశధారాతీరమున జన్మించి తెలుగుదేశమంతటను పేరు వడసినవారిని, శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని స్మరింపదలచితిమి. ఇట్టి మహనీయుని కులమును విచారించి స్మరించుట మన యుద్దేశము గాదు. ఉత్తరాంధ్రభూమి యంతయు వారిని తనవారినిగా నెంచుకొనుచున్నది గదా!

పంతులుగారు వ్యావహారికభాషోద్యమమునకు నాయకులని ఎల్లరు నెఱుగుదురు. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషాదినోత్సవముగా మనము జరుపుకొనుచున్నాము. ఆనాడు వారి చిత్రపటమునకు పూలమాల వేసి, తేనెవంటి తెలుగని నాలుగు మాటలు పలికి, ఇండ్లకు పోవుచున్నాము. కాని ఆ యుద్యమమును వారు నడిపిన తీరునందు, భాషతో సంబంధము లేనివారికి సైతము పనికివచ్చు పాఠ మొకటి గలదు. ఒకే కార్యమునకై కూడినవారిలో అభిప్రాయభేదము పుట్టినప్పుడు దానిని దాచి పులియబెట్టవలయునా, లేక పదుగురి నడుమ పఱచి పరీక్షింపవలయునా యనునదే ఆ పాఠము. సంఘములు పెట్టుకొని సభలు జరుపుకొను మనకు ఇంతకంటె అవసరమైన విషయము మఱియొకటి యుండదని మా నమ్మకము.

వ్యావహారికమునకై పోరాడిన మహనీయుని చరిత్రమును గ్రాంథికమున వ్రాయుచున్నందుకు పాఠకులు నవ్వుకొందురేమో! సంస్కృతవ్యాకరణము చదివి, జీవితమంతయు తరగతిగదిలో గడపి, అఱువదియేండ్లు దాటిన మా చేతికి ఈ నడక యలవాటు. గ్రాంథికము వ్రాయదలచినవాడు దానిని తప్పులు లేకుండ వ్రాయవలయుననియే పంతులుగారు పట్టుపట్టినారు. కావున మా తప్పులకు మాత్రము వారికి క్షమాపణ చెప్పుకొని కథలోనికి పోవుదము.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటయందు జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రి మరణించుటచే బాలునకు చిన్ననాటనే కష్టము లారంభమయ్యెను. విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి, 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో నుత్తీర్ణులైరి. ఆ పాఠశాలలోనే గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయులు. ఒకే బల్లపై చదువుకొన్న యిద్దఱు బాలురు తరువాతి కాలమున ఒకే వాదమునకు రెండు భుజములై నిలుచుట విజయనగరమునకు గర్వకారణము.

1880లో పంతులుగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. నాడు పర్లాకిమిడి చెన్నపురి రాజధానిలోని గంజాముజిల్లాకు చెందినది. నేడది ఒడిశా రాష్ట్రమున గజపతిజిల్లాకు ముఖ్యపట్టణము. పగలు పాఠములు చెప్పుచు, రాత్రులు స్వయముగా చదువుకొనుచు, 1896లో చరిత్రము ప్రధానవిషయముగా బి.ఏ. పరీక్షలో నెగ్గిరి. చదువు ముగిసినదని వారు పుస్తకము మూయలేదు. ముఖలింగదేవాలయపు ఱాళ్ళపై చెక్కిన శాసనములను చదువుటకు, లిపిని తమంత తామే నేర్చుకొనిరి.

ఈ శాసనపఠనమే వారి స్వభావమును తీర్చినదని మేము తలంచుచున్నాము. ఱాతిపై నున్న యక్షరము మన యిష్టాయిష్టములను పాటింపదు. వంశచరిత్రమును గూర్చి తాతలనుండి వినుచున్న మాట యొకటి, శాసనమున నున్నది మఱియొకటి యైనచో, శాసనమునకే తల వంచవలయును. వాదమునకు దిగినప్పుడు నోటిబలమునుగాక ప్రమాణమును నమ్ముకొను నలవాటు వారికి ముఖలింగపు ఱాళ్ళు నేర్పినది.

రెండవ గురువులు కొండలయందుండిరి. పర్లాకిమిడి చుట్టునున్న మన్యమున సవరలు నివసింతురు. నేటి శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాలయందును వారి గూడెములు గలవు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చెందినది గాదు, ముండాకుటుంబమునకు చెందినది. సంతకు దిగివచ్చిన సవరను షావుకారు మోసగించినను, కచేరిలో గుమాస్తా గద్దించినను, తన గోడు చెప్పుకొనుటకు వానికి మాట చాలదు. పట్టణములోని చదువరులు వారి పలుకును పక్షుల కూతగా నెంచి నవ్వుచుండిరి. పంతులుగారు నవ్వలేదు. తెలుగును సవరభాషను ఎఱిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని, ఆ భాషను అక్షరాభ్యాసమునుండి నేర్చుకొనిరి. మన లిపికి లొంగని ధ్వనులు, గొంతులో చటుక్కున తెగిపోవు అచ్చులు, ఆ భాషయందు గలవు. వానిని ఒక్కొక్కటిగా విని, గుఱుతులు ఏర్పఱచి, పుస్తకములు వ్రాసి, సొంతధనముతో బడులు పెట్టి, ఆ బిడ్డలకు ఆ బిడ్డల భాషలోనే చదువు చెప్పించిరి. కుమారులు సీతాపతిగారును ఈ పనిలో తండ్రికి తోడైరి. దాదాపు ముప్పదియైదేండ్ల కృషిఫలముగా సవరభాషావ్యాకరణము 1931లో చెన్నపురియందు ముద్రితమయ్యెను. అనంతరము నిఘంటువును వెలువడినది. ప్రభుత్వమువారు బిరుదముతోను, కైజరె హిందు స్వర్ణపతకముతోను వారిని గౌరవించిరి.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యము చిన్నది గాదు. మన్యమున తిరుగుచుండగా చలిజ్వరము పట్టినది. దానికి మ్రింగిన క్వినైను వలన చెవులు వినికిడి కోల్పోయినవి. ఎవరును వినని ప్రజల మాటను వినుటకు పోయి, తమ వినికిడినే యర్పించుకొని వచ్చిరి! తరువాతి జీవితమంతయు వారు చెవిటివారుగానే గడపిరి. తెలుగుదేశపు మహావాదమును నడిపినవారు ఎదుటివాని కంఠమును సరిగా వినలేనివారు. అయినను ఎదుటివాని పక్షమును వారివలె తెలిసికొన్నవారు అరుదు. చెవికి చేరని మాట కన్నులకు చేరవలయును. కావుననే కాబోలు, ప్రతివాదమును అచ్చులో చదివి, అచ్చులో బదులు చెప్పుటయందు వారికంత పట్టుదల.

ఇక ముఖ్యకథకు వత్తము. జె.ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తరమండలములకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. తెలుగు నేర్చుకొనుచున్న ఆయనకు ఒక సందేహము కలిగినది. జనులు మాటాడు తెలుగు ఒకటి, పాఠ్యపుస్తకములలోని తెలుగు వేఱొకటి యేల? విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. వారు గురజాడవారిని, గిడుగువారిని చూపిరి. పరదేశి యడిగిన ఆ చిన్న ప్రశ్న మనయింటిలో దాగియున్న పెద్ద భేదమును బయటపెట్టినది. పసివాడు బడిలో అడుగుపెట్టగానే తల్లి నేర్పిన మాటను మఱచి, కొన్ని వందల యేండ్ల క్రిందటి కవుల మాటను నేర్వవలసియుండెను. చదువు ముగిసిన పిదప ఆ భాషలో నొక ఉత్తరమైనను తప్పులేకుండ వ్రాయలేకుండెను. సవరబిడ్డలకు పరభాషలో చెప్పిన చదువు ఒంటబట్టకపోవుట చూచిన పంతులుగారికి, తెలుగుబిడ్డల కష్టము వెంటనే బోధపడినది.

ఇచ్చట ఎదుటిపక్షమువారికి న్యాయము చేయవలయును. గ్రాంథికవాదులు మూర్ఖులు గారు. వారిలో జయంతి రామయ్య పంతులుగారు శాసనపరిశోధకులు. వారును వారి మిత్రులును 1911లో స్థాపించిన ఆంధ్రసాహిత్యపరిషత్తు తాళపత్రగ్రంథములను సేకరించి, సూర్యరాయాంధ్రనిఘంటు నిర్మాణమునకు పూనుకొని, తెలుగునకు శాశ్వతసేవ చేసినది. వారి భయము నిజమైన భయమే. పలుకుబడి సీమసీమకు మాఱును. శ్రీకాకుళమువాడు ఏటి యనును, మఱియొక సీమవాడు ఏంది యనును. ఎవరి పలుకును వారు వ్రాసికొనినచో తెలుగుజాతి ముక్కలుకాదా? నన్నయనుండి వచ్చు కావ్యసంపద రేపటి బిడ్డలకు పరభాష కాదా? ఈ ప్రశ్నలకు బదులు చెప్పకుండ ముందునకు పోవుట తగదు.

పంతులుగారు తప్పించుకొనలేదు. తాము కోరునది ఏ యొక్క పల్లె పలుకో కాదనియు, సీమలన్నిటిలోను చదువుకొన్నవారు పరస్పరము మాటాడునట్టి శిష్టవ్యావహారికమనియు వివరించిరి. కావ్యములను చదువవలదని వారనలేదు. చదువుటకు కావ్యభాష, నేడు వ్రాయుటకు నేటి భాష యని విభాగించి చూపిరి. ప్రాచీనులు పద్యమునకు కావ్యభాషను వాడినను, శాసనములయందును, కైఫీయతులయందును, వ్యాఖ్యానములయందును తమ కాలపు వాడుకమాటనే వ్రాసిరని ప్రమాణములు గుప్పించిరి. ఆ ప్రమాణముల రాశియే గద్యచింతామణి మొదలగు గ్రంథములు. నడుచుచున్న త్రోవ క్రొత్తది కాదనియు, ప్రాతత్రోవపై మొలచిన గడ్డిని తొలగించుటయే తమ పని యనియు వారి సిద్ధాంతము.

స్కూలుఫైనలు పరీక్షయందు వ్యాసమును గ్రాంథికమునగాని ఆధునికభాషయందుగాని వ్రాయవచ్చునని తొలుత నుత్తరువు వెలువడినది. దానితో నిప్పు రాజుకొన్నది. సభలు, తీర్మానములు, అర్జీలు బయలుదేఱినవి. విశ్వవిద్యాలయమువారు విషయమును తేల్చుటకు ఒక సంఘమును నియమించి ఇరుపక్షములవారిని అందు కూర్చుండబెట్టిరి. ఆధునికాంధ్రమును సమర్థించుచు గిడుగువారు 1913లో ఇంగ్లీషున ఒక విజ్ఞాపనము ప్రకటించిరి. కావ్యభాషను సమర్థించుచు జయంతివారును పుస్తకము వెలువరించిరి. సంఘమునందు అధికసంఖ్యాకులు గ్రాంథికమువైపే నిలిచిరి. అప్పుడు గురజాడవారు సంఘమును వీడి అలిగి పోలేదు, లోలోపల గొణుగుకొనలేదు. తమ యసమ్మతిని సకారణముగా గ్రంథప్రమాణమున వ్రాసి 1914లో సంఘమునకే సమర్పించిరి. ఓడిన పక్షము తన కారణములను అంత విపులముగా, అంత బహిరంగముగా, గెలిచినవారి చేతికే అందించుట మన దేశచరిత్రమున అరుదైన సంగతి. తరువాతి తరములవారు చదివినది ఆ యసమ్మతిపత్రమునే.

నాటికి మాత్రము ఓటమి ఓటమియే. పాఠశాలలయందు గ్రాంథికమునకే పైచేయి యయ్యెను. 1915 నవంబరు 30వ తేదీన అప్పారావుగారు విజయనగరమున దివంగతులైరి. చిననాటి చెలికాడు పోయెను, ప్రభుత్వము వెనుకకు తగ్గెను, పండితులు వెలివేసినట్లు చూచుచుండిరి. 1911లోనే ఉద్యోగవిరమణ చేసియున్న పంతులుగారికి అప్పటికి ఏబదిరెండేండ్లు. సామాన్యుడైనచో ఇక చాలునని కూర్చుండును. వారు పుస్తకముల మూట చంకబెట్టుకొని ఊరూర తిరుగనారంభించిరి.

న్యాయశాస్త్రమున వివాదమును మూడు తెఱగులుగా విభజింతురు. తత్త్వమును తెలిసికొనగోరి చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. తన పక్షమనునది లేక పరపక్షమును చెఱచుటకే చేయునది వితండము. మనలో జరుగు తగవులను ఈ మూడిటిలో వేసి చూచుకొన్నచో వాదమునకు దక్కునది యెంత? పంతులుగారు చేసినది వాదము. వారి పద్ధతిలో మూడు లక్షణములు కానవచ్చుచున్నవి.

మొదటిది, ఎదుటివాని సభకే పోవుట. తమ్ము మెచ్చుకొనువారిని ప్రోగుచేసికొని చప్పట్లు కొట్టించుకొనుటతో వారికి తృప్తి లేదు. రెండవది, ప్రమాణమును నడుమ పెట్టుట. పుస్తకము తెఱచి, పుట చూపి, కవి ప్రయోగమును చదివి, ఇది తప్పా ఒప్పా చెప్పుడని ఎదుటివానినే అడుగుట. మూడవది, ఎదుటివాని మాటనే ఎదుటివాని ముందుంచుట. గ్రాంథికమే వ్రాయవలయునన్న పండితుల గ్రంథములనుండియే వ్యాకరణవిరుద్ధప్రయోగములను ఏఱి చూపి, ఆ భాషలో తప్పులేకుండ వ్రాయుట పండితులకే సాధ్యము కానప్పుడు పసివారికెట్లు సాధ్యమగునని ప్రశ్నించిరి.

ఈ ప్రశ్నకు ఫలము కలిగినది. గ్రాంథికమున వచనరచనకు వన్నె తెచ్చిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే 1919లో రాజమహేంద్రవరమున స్థాపితమైన వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజమునకు అధ్యక్షులైరి. గిడుగువారు కార్యదర్శులు. తాము నడచివచ్చిన త్రోవను ముదిమియందు పునఃపరిశీలించుకొని, మార్పును నలుగురియెదుట ఒప్పుకొనుట వీరేశలింగముగారి గొప్పతనము. ఆ యేడు మే 27వ తేదీన వారు స్వర్గస్థులైరి. గిడుగువారు తెలుగు అను పత్రికను ప్రారంభించి యేడాదిపాటు నడపిరి. 1925లో తణుకున జరిగిన సాహిత్యపరిషత్తు సభయందు గంటలకొలది ప్రసంగించి ప్రయోగములను చూపిరి. ఒకనాడు వ్యావహారికమును నిషేధించిన పరిషత్తే ఆ నిషేధమును సడలించినది. ఏ సంస్థ తమకు ఎదురు నిలువ బుట్టినదో, ఆ సంస్థ వేదికపై నిలిచి, దాని సభ్యుల మనస్సులను మార్చిరి. ఇది బలముచే గాని, సంఖ్యచే గాని, చాటుమాటున పన్నిన పన్నుగడచే గాని కలిగిన ఫలము గాదు.

దోషమును దాచి గుణమును మాత్రమే వ్రాయుట చరిత్రము గాదు, స్తోత్రము. పంతులుగారి వాక్కు పదునైనది. వారి గ్రంథములలో నొకదాని పేరు ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము. పండితులను వైద్యులనియు, వారి భాషను మందనియు ఎత్తిపొడిచిన ఆ పేరే చాలు, గాయపఱచుటకు. తప్పును చూపించుకొన్నవాడు ఒక్కొక్కప్పుడు తప్పును దిద్దుకొనుటకు మాఱుగా చూపినవానిని ద్వేషించును. మెల్లని మాటతో చెప్పియున్నచో మఱికొందఱు ముందుగానే వచ్చి చేరియుందురేమో! కాని వారి పదును ముఖాముఖిగా నుండెను. పేరు పెట్టి, పుట చూపి, సంతకముతో వ్రాసిరి. అనామకముగా నొక్క యక్షరమును వ్రాయనివాని కోపము, ముఖమున నవ్వుచు వెనుక గోతులు త్రవ్వువాని మంచితనముకంటె మేలైనది.

ఈ సందర్భమున మా యనుభవ మొకటి చెప్పక తప్పదు. సుమారు ముప్పదియేండ్ల క్రిందట మే మొక యున్నతపాఠశాలలో తెలుగు బోధించుచుంటిమి. మాతోపాటు మఱియొక తెలుగు ఉపాధ్యాయుడుండెను. అర్ధసంవత్సరపరీక్షలో ఒక రైతుబిడ్డ తన యింటిని గూర్చి వ్యాసము వ్రాయుచు, తల్లి ఉదయమున చోడి అంబలి కాచునని వ్రాసెను. మేము చోడి యను మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, రాగులని వ్రాయవలయునని గుఱుతుపెట్టి మార్కులు తగ్గించితిమి. బాలుడు ఆ కాగితమును రెండవ యుపాధ్యాయునకు చూపగా, ఆయన మే మెఱుగకుండ మార్కులు కలిపెను. మాకు తెలిసినది. మేము మరల తగ్గించితిమి. ఆనాటినుండి మాకు మాటలు లేవు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుండియు, ఒకరికొకరు చెప్పవలసిన సంగతిని జవానుచేత చెప్పించుకొంటిమి. మిగిలిన యుపాధ్యాయులు రెండు పక్షములైరి. ఆఱుమాసములు గడచెను.

ప్రధానోపాధ్యాయులు లెక్కలు చెప్పువారు, మా శాస్త్రములు వారికి తెలియవు. ఒకనాటి సాయంకాలము మమ్ము ఇరువురను పిలిచి, ఆ కాగితమును బల్లపై పెట్టి, ఒక నియమము విధించిరి. ఎవరి వాదమును వారు చెప్పుటకు ముందు, ఎదుటివాని కారణమును చెప్పవలయును. ఎదుటివాడు అవునని ఒప్పుకొన్న పిదపనే తన కారణము. మేము నోరు తెఱచితిమి గాని మాట రాలేదు. ఆఱు నెలలు ద్వేషించిన మనుష్యుని కారణమేమో మేము ఒక్కసారియు అడుగలేదు! చివరకు తేలినదేమనగా, పబ్లికుపరీక్షలో కాగితములు దిద్దువారు ఏ జిల్లావారో, చోడి యనిన నెఱుగక మార్కులు కోయుదురేమో యని మా భయము. ఆ బాలుని యన్న అంతకు ముందే, తన మాటలన్నియు తప్పులే యని సిగ్గుపడి బడి మానెననియు, ఈతడును మానునేమో యనియు ఆయన భయము. ఇరువురి భయమును ఆ బిడ్డనిమిత్తమే! తినెడి ధాన్యమునకు ఇంట వాడు పేరును తప్పుగా నెంచరాదనియు, వర్ణక్రమదోషములను మాత్రము ప్రక్కన సరియైన రూపము వ్రాసి దిద్దవలయుననియు అర్ధగంటలో నిర్ణయించుకొంటిమి. ఆ రాత్రియే మేము గిడుగువారి వ్యాసములను మొదటిసారి శ్రద్ధగా చదువ నారంభించితిమి. అంతవరకు వారిని గూర్చి విన్నదే గాని, వారిని విన్నది లేదు.

అన్ని భేదములును సమసిపోవునని చెప్పుట లేదు. పంతులుగారి జీవితముననే అందులకు దృష్టాంతము గలదు. ప్రత్యేకోత్కళరాష్ట్రము ఏర్పడుచున్నపుడు, పర్లాకిమిడిరాజావారు ఆ రాష్ట్రమున చేరుటకు పాటుపడిరి. తెలుగువారు పెక్కుమంది గల ప్రాంతమును అట్లు చేర్చరాదని పంతులుగారి మతము. తాము యౌవనమునుండి కొలువు చేసిన సంస్థానపు ప్రభువునకే వారు బాహాటముగా ఎదురు చెప్పిరి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరగా, ఏబదియాఱేండ్లు నివసించిన ఊరును విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చి స్థిరపడిరి. అప్పటికి డెబ్బదిరెండేండ్ల వృద్ధులు. కలిసి నడువ వీలుకానపుడు చెప్పి విడిపోవుటయు ఒక మర్యాదయే. లోపలనుండి కూల్చుటకు ప్రయత్నింపలేదు, వెలుపలనుండి శపించుచు కూర్చుండలేదు. తమ పనిని తాము క్రొత్తయూర సాగించుకొనిరి.

1938లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుదమునిచ్చి సత్కరించినది. 1940 జనవరిలో చెన్నపురియందు, ప్రజామిత్ర కార్యాలయమున పత్రికలవారిని కలిసికొని, ప్రజలు మాటాడు భాషలోనే పత్రికలు వ్రాయుడని మరల వేడుకొనిరి. కొలదిదినములకే, జనవరి 22వ తేదీన, కన్ను మూసిరి. వారు బ్రదికియుండగా విశ్వవిద్యాలయములు పూర్ణముగా మాఱలేదు. తరువాత పత్రికలు మాఱినవి, పాఠ్యపుస్తకములు మాఱినవి, విశ్వవిద్యాలయములును మాఱినవి. నేడు ఈ సంచికలో మా వ్యాసము తప్ప మిగిలినవి పెక్కు వాడుకభాషయందే యుండును గదా! వారి గెలుపునకు వేఱు నిదర్శన మేల?

మహాసభకు విచ్చేయు సోదరీసోదరులకును, పోషకమహాశయులకును ఇక మా విన్నపము. ఏ సంఘమునందైనను అభిప్రాయభేదములుండును, ఉండవలయును. వసతిగృహము విజయనగరమున కట్టవలయునా శ్రీకాకుళమున కట్టవలయునా, విద్యార్థివేతనము మార్కులను బట్టి యీయవలయునా పేదఱికమును బట్టి యీయవలయునా, చందాల లెక్క యేటికొకసారి చెప్పవలయునా మూడునెలల కొకసారి చెప్పవలయునా యని భేదింపని సంఘము లేదు. భేదించుట దోషము గాదు. సభలో తలయూపి, వీథిలోనికి వచ్చి వేఱొకటి పలుకుట దోషము. అధ్యక్షునిపై ననుమానమున్నచో అధ్యక్షునితో గాక పెండ్లిపందిళ్ళలో చెప్పుట దోషము. అడిగినవానిని ద్రోహి యనుట అంతకంటె పెద్ద దోషము.

కావున కార్యవర్గసమావేశమున లెక్కలపుస్తకమును బల్లపై తెఱచి యుంచుడు. అసమ్మతి గలవాడు దానిని వ్రాసి యీయవలయును, కార్యదర్శి దానిని తీర్మానముతోపాటు పుస్తకమున నెక్కింపవలయును. గురజాడవారి యసమ్మతిపత్రము పారవేయబడియున్నచో మన భాషాచరిత్రము ఎంత దరిద్రమై యుండెడిదో తలపోయుడు. తగవు ముదిరినప్పుడు, మా ప్రధానోపాధ్యాయుడు విధించిన నియమమును ఒక్కసారి పాటించి చూడుడు. ఎదుటివాని కారణమును, అతడు అవుననునట్లు, మన నోట ముందుగా చెప్పుదము. ఖర్చులేని సాధనము, కాని మిక్కిలి కష్టసాధ్యము. మా కది అబ్బుటకు ఆఱుమాసముల మౌనమును, ఒక పసివాని కన్నీరును పట్టినవి.

వంశధారాతీరమున పుట్టిన ఆ చెవిటి యుపాధ్యాయుడు కొండలలో ఎవరును వినని మాటను విని, పండితసభలలో ఎవరును వినదలపని మాటను వినిపించెను. చెవులు రెండును చక్కగా నున్న మనము ఒకరినొకరు వినుటకు ఈ మహాసభయందు ఒక్కపూటయైనను వినియోగింతుము గాక! సంఘము వర్ధిల్లుగాక యని కోరుచు, విరమించుచున్నాము.